క్రీమ్ రాస్తే ముఖం ఎర్రబడి మండుతోంది... ఆపేయాలా?

ఏళ్ళ తరబడి ఎండ తగిలి దెబ్బతిన్న చర్మం మీద ‘యాక్టినిక్ కెరటోసిస్’ అనే గరుకు మచ్చలు వస్తాయి. వీటిని క్యాన్సర్‌కు ముందు దశగా లెక్కిస్తారు. ఈ మచ్చలకు డాక్టర్లు ఎక్కువగా రాసిచ్చే 5-ఫ్లోరోయురాసిల్ క్రీమ్ మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒక్కచోట చేర్చాం.

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు. బట్టతల. నడినెత్తి మీద, నుదుటి మీద గరుకు మచ్చలు నాలుగైదు ఉన్నాయి. పొలుసు గిల్లేస్తే ఊడుతుంది, కొన్నాళ్ళకు అక్కడే మళ్ళీ కడుతుంది. డాక్టరు గారు “క్యాన్సర్ కాదు, కానీ వదిలేయకూడదు” అని క్రీమ్ రాశారు. క్యాన్సర్ కానప్పుడు ఇంత గట్టి మందు ఎందుకండీ?

జవాబు: మీ డాక్టరు గారు చెప్పిన రెండు మాటలూ నిజమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాన్ని ఆపే పని చేసే పీ53 అనే జన్యువే పాడైతే, ఆ కణం అదుపు లేకుండా పెరిగిపోతుంది. అలాంటి కణాలు చర్మం పైపొరలోనే గుమిగూడి ఉన్నంతకాలం అది యాక్టినిక్ కెరటోసిస్. పైపొర దాటి లోపలికి దిగితే స్క్వేమస్ సెల్ క్యాన్సర్. ఒక్కో మచ్చ విడిగా క్యాన్సర్‌గా మారే అవకాశం చాలా తక్కువ, కొన్నయితే వాటంతట అవే మాయమవుతాయి కూడా. చిక్కేమిటంటే ఏది మాయమవుతుందో, ఏది లోపలికి దిగుతుందో చూసి చెప్పలేం. పైగా మచ్చలు పది ఉంటే ముప్పు కూడా ఆ మేరకు పెరుగుతుంది.

ఇంకో సంగతి. మీకు కనిపిస్తున్నవి నాలుగైదే కావచ్చు, ఎండ మాత్రం నెత్తి మొత్తానికీ ఒకేలా తగిలింది. మచ్చల మధ్య మామూలుగా కనిపించే చర్మంలోనూ పాడైన కణాలుంటాయి. ఒకటో రెండో మచ్చలుంటే ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి రాల్చేయవచ్చు. ఆ ప్రాంతమంతా దెబ్బతిన్నప్పుడు మాత్రం ఒక్కో మచ్చనూ వెతికి గడ్డకట్టించేకన్నా మొత్తానికి క్రీమ్ రాయడమే మేలు. అమెరికాలో 932 మంది మాజీ సైనికుల మీద జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ముఖానికీ చెవులకూ ఈ క్రీమ్ ఒక్క కోర్సు రాసినవాళ్ళలో ఆపరేషన్ అవసరమయ్యే స్క్వేమస్ సెల్ క్యాన్సర్లు మొదటి ఏడాదిలో 75 శాతం తగ్గాయి. వాళ్ళంతా అంతకుముందు చర్మ క్యాన్సర్లు వచ్చినవాళ్ళు, అంటే ముప్పు ఎక్కువున్నవాళ్ళన్నది గుర్తుంచుకోవాలి.

ఈ మచ్చలు కంటికన్నా వేలికి ముందు దొరుకుతాయి. కళ్ళు మూసుకుని మునివేళ్ళతో నెత్తి తడిమి చూసుకోండి. గరుకు కాగితంలా తగిలినచోటల్లా అనుమానించాల్సిందే. చెవుల పైఅంచు, చేతుల వెనక భాగం కూడా అలాగే చూసుకోవాలి.

ప్రశ్న: 5 శాతం క్రీమ్, రోజుకు రెండుసార్లు, మూడు వారాలు అని చీటీలో ఉంది. ఎంత రాయాలి, ఎలా రాయాలి అన్నది లేదు. మచ్చల మీదే చుక్కలా పెట్టాలా, అంతటా పులమాలా?

జవాబు: అంతటా రాయాలి, పులమకూడదు. పలచటి పొర చాలు. మందంగా రాస్తే మందు ఎక్కువ పనిచేయదు, పక్కలకు పాకి రాయకూడని చోట పుండు చేస్తుంది.

కొలత ఇలా తీసుకోండి. ట్యూబు మూతి నుంచి పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపు పొడవునా ఒక గీతలా పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. వేళ్ళతో కలిపి రెండు అరచేతులంత చర్మానికి అది సరిపోతుంది. నుదురు, బట్టతల నడినెత్తి రెండింటికీ కలిపి ఒక విడతకు అంతే. రోజుకు రెండుసార్లంటే ఒక గ్రాము, మూడు వారాలకు 21 గ్రాములు. 20 గ్రాముల ట్యూబు మీకు వారంలోనే అయిపోతే రెండింతలకు పైగా రాస్తున్నారన్నమాట. ఒకేసారి 500 చదరపు సెంటీమీటర్లకు మించి, అంటే సుమారు మూడు అరచేతులంత మేర దాటి రాయకూడదు. నెత్తి, ముఖం, రెండు ముంజేతులూ అన్నీ పాడై ఉంటే ఒకచోటు అయ్యాక మరోచోటు మొదలుపెడతారు.

ముందు మామూలు సబ్బుతో మెల్లగా కడిగి, తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. తడి చర్మం మీద రాస్తే మంట ఎక్కువ. గడ్డం గీసుకునేది ఉంటే మందు రాయకముందే కానివ్వాలి. తొడుగు వేసుకున్న వేలితో గానీ ఇయర్‌బడ్‌తో గానీ రాయండి. వట్టి వేలితో రాస్తే వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గోళ్ళ సందులతో సహా. కళ్ళ చుట్టూ, ముక్కు రంధ్రాల్లో, పెదవుల మీద పడనీయకండి. అందరూ మర్చిపోయేవి రెండున్నాయి: ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే మడత, పెదవుల మూలలు. మందు అక్కడికి జారి చేరుతుంది, చెమటతో మరీను. మిగతా ముఖమంతా మామూలుగా ఉన్నా ఆ మూలలు చీలి పుండవుతాయి. రాసే ముందు ఆ రెండుచోట్లా కొంచెం పెట్రోలియం జెల్లీ పూస్తే అడ్డుకట్టలా పనిచేస్తుంది.

రాత్రి విడత పడుకోబోయే ముందు కాకుండా ఓ గంట ముందే రాసుకోండి. లేకపోతే మందు దిండుకు అంటుకుని, అక్కడి నుంచి కళ్ళలోకి చేరుతుంది. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ లాంటివి క్రీమ్ రాసిన రెండు గంటల తర్వాత పూసుకోవచ్చు. గాలాడకుండా ప్లాస్టర్ వేసి మూయకండి, మందు లోపలికి ఎక్కువగా దిగుతుంది. మొటిమలకో ముడతలకో ట్రెటినాయిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పి ఈ మూడు వారాలూ ఆపండి.

ప్రశ్న: మా అమ్మగారికి ఇదే క్రీమ్ మొదలుపెట్టి పన్నెండో రోజు. మొదటి నాలుగు రోజులూ ఏమీ లేదు. ఇప్పుడు బుగ్గలు, నుదురు మండిపోతున్నాయి, చెక్కులు కట్టి రసి కారుతోంది. మచ్చలు లేనిచోట కూడా ఎర్రబడింది. అలర్జీ అని ఆపించేద్దామంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మందు తన పని తాను చేస్తోంది. ఈ క్రీమ్‌ను మధ్యలో వదిలేసేవాళ్ళలో ఎక్కువమంది సరిగ్గా ఈ రోజుల్లోనే వదిలేస్తారు. మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఏ వారం ఏం జరుగుతుందో చెప్పి ఉంటే ఈ కంగారు ఉండేది కాదు.

కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏను కొత్తగా తయారుచేసుకోవాలి. అందుకు అవసరమైన థైమిడైలేట్ సింథేజ్ అనే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. పాడైన కణాలు గబగబా చీలుతుంటాయి కాబట్టి దెబ్బ ముందు వాటికే తగులుతుంది. అవి చచ్చి రాలడమే మీరు చూస్తున్న ఎరుపు, పుండు, చెక్కు. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద ఇదే క్రీమ్ రాస్తే ఇంత గొడవ ఉండదు. మచ్చ లేనిచోట ఎర్రబడిందంటే కంటికి కనపడని మచ్చ అక్కడ పుడుతోందని అర్థం.

అసలు ఈ మందు చర్మానికి వచ్చిన దారి కూడా అదే. 1957లో చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం దీన్ని శరీరం లోపలి క్యాన్సర్ల కోసం తయారుచేసింది. 1960ల తొలినాళ్ళలో, ఇంజక్షన్‌గా ఇస్తున్న రోగుల ముఖాల మీద ఎండ మచ్చలు ఎర్రగా పొంగి, తర్వాత పూర్తిగా పోవడం డాక్టర్లు గమనించారు. ఆ పరిశీలనే క్రీమ్‌కు దారితీసింది. ఎర్రబడటమే దీని గుర్తు, మొదటినుంచీ.

మామూలుగా మొదటి నాలుగైదు రోజులు పెద్దగా ఏమీ కనపడదు. వారం తిరిగేసరికి ఎరుపు, దురద. రెండో వారంలో మంట, పొలుసులు. రెండో వారం చివర్లో, మూడో వారంలో చెక్కులు కట్టి, అక్కడక్కడా పైచర్మం ఊడి పచ్చి పుండులా ఉంటుంది. అన్నిటికన్నా భయంకరంగా కనిపించేది అప్పుడే. ఆపిన తర్వాత కూడా కొన్ని రోజులు అలాగే ఉండి, రెండు వారాల్లో కొత్త చర్మం మూసుకొస్తుంది. లేత గులాబీ ఎరుపు పూర్తిగా పోవడానికి ఒకటి రెండు నెలలు పట్టవచ్చు. కాబట్టి పెళ్ళిళ్ళూ ప్రయాణాలూ చూసుకుని మొదలుపెట్టుకోవడం మంచిది.

అమ్మగారికి ఉపశమనం కోసం చల్లటి నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు వేయండి. చెక్కులను గిల్లనివ్వకండి, గోరువెచ్చటి నీళ్ళతో నానితే వాటంతట అవే వస్తాయి. మందు రాసే వేళల మధ్య పెట్రోలియం జెల్లీ పలచగా పూయవచ్చు. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది. ఇంట్లో ఉంది కదా అని స్టెరాయిడ్ క్రీమ్ రాయకండి. కోర్సు అయ్యాక మంట తగ్గడానికి కొందరు డాక్టర్లు తేలికపాటి స్టెరాయిడ్ ఇస్తారు, అది ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్ళే చెప్పాలి. ఈ మూడు వారాలూ ఎండలోకి వెళ్తే మంట రెట్టింపవుతుంది, గొడుగు తప్పదు.

ఇవన్నీ చెప్పాక, ఎప్పుడు ఆపాలో కూడా చెప్పాలి. మందు రాసిన హద్దు దాటి వాపు పాకినా, కళ్ళు మూసుకుపోయేలా రెప్పలు ఉబ్బినా, పసుపుపచ్చటి చీము పట్టినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గాల్సిన రోజుల్లో పెరుగుతున్నా రాయడం ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి. గతంలో పెదవుల మీద జ్వరం పొక్కులు వచ్చినవాళ్ళకు అవి తిరగబెట్టవచ్చు. ఇంకోటి అరుదైనదే కానీ ప్రాణం మీదికొచ్చేది: నోట్లో పుండ్లు, నెత్తురు విరేచనాలు, వాంతులు, చలిజ్వరం. ఈ మందును శరీరంలో విరగ్గొట్టే డీపీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్ళలో, చర్మం నుంచి లోపలికి దిగే కొద్దిపాటి మందు కూడా విషమవుతుంది. అలాంటప్పుడు క్రీమ్ కడిగేసి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ లోపం ఉందని ముందే తెలిసినవాళ్ళు ఈ క్రీమ్ ముట్టుకోకూడదు.

మంట మాత్రమే భరించలేనంతగా ఉంటే మొత్తం మానేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. రెండు మూడు రోజులు విరామమివ్వడమో, రోజుకు ఒకసారికి తగ్గించడమో చేస్తారు. పచ్చి పుండు దశకు వచ్చేసి ఉంటే కోర్సు ముగిసినట్టేనని అక్కడితో ఆపించనూవచ్చు. 5 శాతం క్రీమ్‌ను ముఖానికి రెండు నుంచి నాలుగు వారాలు అనడంలో ఉద్దేశం అదే, తేదీ కన్నా చర్మం చెప్పేదే లెక్క.

ప్రశ్న: నాది దానికి వ్యతిరేకం. ముంజేతుల మీద రెండు వారాలుగా రాస్తున్నా చర్మం చెక్కుచెదరలేదు. మందు నకిలీదా?

జవాబు: అంత తొందరపడకండి. ముంజేతుల మీద, చేతుల వెనక చర్మం ముఖం కన్నా మందం. అక్కడ స్పందన ఆలస్యంగా వస్తుంది, కోర్సు కూడా నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మచ్చ మీద పెచ్చు మందంగా ఉంటే మందు పైనే ఆగిపోతుంది. అలాంటప్పుడు డాక్టర్లు ముందు సాలిసిలిక్ యాసిడ్‌తో పెచ్చును మెత్తబరుస్తారు, లేదా గీకి తీసేస్తారు. రాసిన అరగంటకే అంట్లు తోమడం, చేతులు కడగడం ఇంకో కారణం. పగటి విడతను పనులన్నీ అయ్యాక పెట్టుకోండి. ట్యూబు మీద గడువు తేదీ చూడండి. మీ చీటీలో ఉన్నది 5 శాతమా, 0.5 శాతమా కూడా చూడండి; తక్కువ బలం ఉన్నది రోజుకు ఒకసారే రాస్తారు, దాని నడక వేరు. నాలుగు వారాలకూ ఏమీ లేకపోతే ఆ మచ్చలు అసలు యాక్టినిక్ కెరటోసిస్ కాకపోవచ్చు. వయసుతో వచ్చే మామూలు సెబోరిక్ కెరటోసిస్‌కు ఈ క్రీమ్ వాడరు.

ప్రశ్న: ఇంత బాధ లేని క్రీములు వేరే ఉన్నాయని విన్నాను. అవెందుకు ఇవ్వరు?

జవాబు: ఇస్తారు. బాధ తక్కువైతే ఫలితమూ చాలాసార్లు తక్కువే. నెదర్లాండ్స్‌లో 624 మంది మీద నాలుగు వైద్యాలను పోల్చి 2019లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత కూడా మచ్చల్లో కనీసం నాలుగింట మూడు వంతులు పోయినవాళ్ళు 5 శాతం ఫ్లోరోయురాసిల్‌తో 74.7 శాతం. ఇమిక్విమోడ్‌తో 53.9, మందు రాసి ఎర్రటి దీపం కింద కూర్చోబెట్టే ఫోటోడైనమిక్ చికిత్సతో 37.7, ఇంజెనాల్ జెల్‌తో 28.9. ఈ చివరిదాన్ని చర్మ క్యాన్సర్ అనుమానంతో 2020లో ఐరోపాలో వెనక్కి తీసుకున్నారు కూడా.

ఇమిక్విమోడ్ కణాలను తాను చంపదు, మన రోగనిరోధక శక్తిని వాటి మీదికి ఉసిగొల్పుతుంది. అందుకే కొందరికి ఒళ్ళునొప్పులు, ఫ్లూలాంటి జ్వరం వస్తాయి. 3 శాతం డైక్లోఫెనాక్ జెల్ సౌమ్యమైనదే, రెండు మూడు నెలలు విడవకుండా రోజుకు రెండుసార్లు రాసే ఓపిక ఉండాలి. 2020 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన టిర్బానిబ్యులిన్ ఆయింట్‌మెంట్ ఐదు రోజుల పనే, మంటా తక్కువే. పరీక్షల్లో దాదాపు సగం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి, అయితే వాళ్ళలో చాలామందికి ఏడాదిలోపే మళ్ళీ కనిపించాయి.

మా దృష్టిలో గట్టిగా ఆలోచించదగ్గది, ఫ్లోరోయురాసిల్‌నే సొరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రియాల్‌తో కలిపి రోజుకు రెండుసార్లు నాలుగు రోజులు రాయడం. 131 మంది మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో ముఖం మీది మచ్చలు సగటున 87.8 శాతం తగ్గాయి. అదే నాలుగు రోజులు ఫ్లోరోయురాసిల్‌ను పెట్రోలియం జెల్లీతో కలిపి రాసినవాళ్ళలో తగ్గింది 26.3 శాతమే. కోర్సు ముగిశాక కూడా ఎరుపు కొన్నాళ్ళు పెరుగుతుంది, అయినా మూడు వారాలు రాయలేనివాళ్ళకు ఇది అందుబాటులో ఉండే దారి. ఈ కలయిక మీకు సరిపోతుందో లేదో డాక్టరునే అడగండి, ఇంట్లో రెండు ట్యూబులు కలిపేసుకోకండి.

ప్రశ్న: ఇంట్లో కుక్క ఉంది, గర్భిణి అయిన కోడలూ ఉంది. నేను వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, జాగ్రత్తగా. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ క్రీమ్ వాడకూడదు. మీకు రాసిపెట్టే పని కూడా కోడలికి అప్పగించకండి. ఇక కుక్క, పిల్లి విషయంలో ఎంత చెప్పినా తక్కువే. ట్యూబును కొరికి కుక్కలు చనిపోయిన ఘటనలపై అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2017 జనవరిలో హెచ్చరిక జారీ చేసింది. ట్యూబు మూత బిగించి అల్మరాలో పెట్టండి, వాడిన ఇయర్‌బడ్లు, తొడుగులు మూతున్న చెత్తబుట్టలో వేయండి, మందు రాసిన చర్మాన్ని నాకనివ్వకండి. పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి.

ప్రశ్న: నా కోర్సు అయ్యాక సగం ట్యూబు మిగిలింది. మా ఆవిడ బుగ్గల మీద మంగు ఉంది. మా అన్నయ్యకు వీపు మీద ఓ నల్ల పుట్టుమచ్చ ఈ మధ్య పెరుగుతోంది. రాసి చూడమంటారా?

జవాబు: రెండింటికీ వద్దు. మంగు రంగు మార్పే, పాడైన కణాల గుంపు కాదు. దాని మీద ఈ క్రీమ్ రాస్తే మంటపుట్టి, ఆ మంట మానాక మచ్చ ఇంకా నల్లబడవచ్చు. ఇక పెరుగుతున్న పుట్టుమచ్చకు ఏ క్రీమూ రాయకూడదు. అది మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ అయితే పైపైన మానినట్టు కనిపించి లోపల పెరుగుతుంది. అన్నయ్యను ఈ వారమే డాక్టరుకు చూపించండి. మిగిలిన ట్యూబును మందుల షాపులో అడిగి సరైన పద్ధతిలో పారేయండి.

ప్రశ్న: కోర్సు అయి మూడు నెలలు. చర్మం నున్నగా వచ్చింది. ఇక మర్చిపోవచ్చా?

జవాబు: ఎండ చేసిన పాత నష్టం మొత్తాన్నీ ఏ క్రీమూ తుడిచేయదు. కొత్త మచ్చలు రావచ్చు, వస్తే మరో కోర్సు వాడవచ్చు. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ రోజూ రాయండి. ముఖానికీ మెడకూ రెండు వేళ్ళ పొడవునా పిండినంత, బయట ఉంటే రెండు గంటలకోసారి. బట్టతలకు టోపీని మించింది లేదు. 1993లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో, ఒక్క వేసవి పాటు సన్‌స్క్రీన్ రాసినవాళ్ళకు కొత్త మచ్చలు తక్కువ రావడమే కాదు, ఉన్నవి కూడా ఎక్కువగా పోయాయి.

చర్మ క్యాన్సర్ ఇదివరకే వచ్చినవాళ్ళకు కొందరు డాక్టర్లు నికోటినమైడ్ (బీ3 విటమిన్‌లో ఒక రకం) 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. 2015లో ప్రచురితమైన పరిశోధనలో కొత్త చర్మ క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి, మాత్రలు మానేశాక ఆ లాభమూ పోయింది. షాపులో నియాసిన్ పేరుతో దొరికేది వేరు, దాంతో ఒళ్ళంతా ఎర్రబడి వేడెక్కుతుంది. ఆ రెండూ ఒకటేనని ఇచ్చేస్తారు, పేరు చదివి తీసుకోండి.

ఆరు నెలలకో ఏడాదికో డాక్టరు చేత తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూపించుకోండి. అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు, పుట్టుకతో చర్మంలో రంగు లేనివాళ్ళు ఇంకా తరచుగా వెళ్ళాలి. రెండు కోర్సులు రాసినా అదేచోట మళ్ళీ వచ్చే మచ్చ, కింద గట్టిగా దిమ్మ కట్టిన మచ్చ, ముట్టుకుంటే నొప్పిపుట్టేది, నెత్తురు కారేది, వారాల్లోనే పెరిగేది, కొమ్ములా పైకి లేచేది ఏదైనా సరే, మూడో ట్యూబు అడక్కండి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమనండి.